పోలీసులు వద్దా, మంచి పోలీసులు కావాలా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. ఈ ఉపన్యాసంలో రెండూ కలిసిపోతే మన్నించగలరు. ప్రతి ఏడూ నన్ను తాలీమ్ గురించి మాట్లాడమంటారు. ఈ ఏడు కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, అది విని విని అందరికీ కంఠతా వచ్చేసింది, ఇంకేదైనా చెప్పండి" అన్నారు. మంచిదే. పోయిన ఏడు మన పిల్లల వక్తృత్వ పోటీలో మిగిలిపోయిన బాకీ ఒకటి నా దగ్గర ఉంది. అది ఈ రోజు తీరుస్తాను.

ఆ పోటీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. "పోలీసు శాఖకు పెట్టే ఖర్చు తగ్గించి, ఆ డబ్బు బస్తీల బాగుకు ఇవ్వవలెనా?" అన్నది విషయం. పదో తరగతి అమ్మాయి లేచి, బడికి నీళ్ళ ట్యాంకు లేదు, దవాఖానాలో డాక్టరు లేడు, కాని చౌరస్తాలో కొత్త జీపు ఉంది అన్నది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత ఇంటర్ అబ్బాయి లేచి, రాత్రి మీ అబ్బాజాన్ కిరాణా కొట్టు తాళం పగిలితే ట్యాంకుకు ఫోను చేస్తారా అన్నాడు. దానికీ చప్పట్లే. న్యాయనిర్ణేతలం ముగ్గురం. కాగితం చూడకుండా మాట్లాడింది కనుక అమ్మాయికి మొదటి బహుమతి ఇచ్చి చాయ్ తాగి ఇంటికి వెళ్ళాము. బహుమతి ఎవరిదో చెప్పాము గాని, ఎవరి మాట నిజమో చెప్పలేదు.

ఈ వాదం పుట్టింది మన దగ్గర కాదు, అమెరికాలో. ముందు అక్కడి సంగతి చెబుతాను.

మినియాపొలిస్ అని ఒక నగరం. సోమాలియా నుండి వచ్చిన ముస్లిములు అక్కడ చాలామంది ఉన్నారు. 2020లో కరోనా వల్ల మసీదులు మూతపడిన రంజానులో, వారుండే పేటలో మొదటిసారి మైకులో అజాన్ వినిపించింది. ఆ ఈద్ మరునాడే, మే 25న, అదే నగరంలో జార్జి ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని ఒక పోలీసు అధికారి నడివీధిలో పడవేసి, మెడ మీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా అదిమి చంపాడు. దుకాణంలో 20 డాలర్ల దొంగనోటు ఇచ్చాడన్న అనుమానంతో మొదలైన గొడవ అది. ఆ దుకాణం పాలస్తీనా మూలాలున్న కుటుంబానిది. పోలీసులకు ఫోను వెళ్ళింది అక్కడినుండే. ఒక నోటు కోసం ఫోను చేస్తే ఒక ప్రాణం పోతుందని ఆ ఫోను చేసిన ఉద్యోగి అనుకుని ఉండడు. ఈ సంగతి కాస్త మనసులో ఉంచుకోండి. ఫోను చేయాలా వద్దా అన్నదే ఈ రోజు నా ప్రసంగం.

దేశమంతా అట్టుడికిపోయింది. అప్పుడే "పోలీసులకు డబ్బు ఆపండి" అనే నినాదం ఊరూరా వినిపించింది. వినడానికి పిచ్చిమాటలా ఉంటుంది గాని, వెనుక ఒక ఆలోచన ఉంది. మతి చలించినవాడు కేకలు వేసినా, తాగినవాడు రోడ్డున పడినా, ఇల్లు లేనివాడు అరుగు మీద పడుకున్నా అన్నిటికీ తుపాకీ ఉన్న మనిషినే పంపిస్తున్నారు. అతనికి తెలిసింది బేడీలు, తుపాకీ. దానికి బదులు ఆ డబ్బులో కొంత వైద్యులకు, సలహాదారులకు, పిల్లల చదువుకు ఇస్తే సగం గొడవలు ఠాణా దాకా రావు కదా అని వారి వాదం. ఇది ఊహ మాత్రమే కాదు. ఓరిగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊళ్ళో 1989 నుండి ఒక వ్యాను తిరిగింది. అందులో ఒక వైద్య సహాయకుడు, మనసు చెదిరినవారితో మాట్లాడడం తెలిసిన మనిషి ఒకరు. తుపాకీ లేదు. ఇటువంటి ఫోన్లు వస్తే వారే వెళ్ళేవారు.

మరి మినియాపొలిస్‌లో ఏమైంది? 2020 జూన్‌లో 13 మంది నగర సభ్యులలో తొమ్మిది మంది ఒక పార్కులో వేదికనెక్కి, ఈ పోలీసు శాఖను తీసివేసి కొత్తది పెడతామని ప్రమాణం చేశారు. ఆ డిసెంబరు వచ్చేసరికి పోలీసు బడ్జెటు నుండి తీసి ఇతర పనులకు మళ్ళించినది సుమారు 80 లక్షల డాలర్లు. మొత్తం బడ్జెటు 17 కోట్ల డాలర్లకు పైమాటే. పార్కులో ఒకటి, పద్దులో ఇంకొకటి. 2021 నవంబరులో ప్రజలనే ఓటు అడిగారు. నూటికి సుమారు 56 మంది వద్దన్నారు.

అందులోనే నన్ను ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. నల్లజాతివారు ఎక్కువగా ఉండే ఉత్తర భాగం నుండి ఎనిమిది మంది నివాసులు కోర్టుకు వెళ్ళి, "చట్టప్రకారం మాకు రావలసినంతమంది పోలీసులు లేరు, వీధిలో కాల్పులు జరుగుతున్నాయి, పోలీసులను ఇప్పించండి" అని దావా వేశారు. 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు వారి పక్షాన మాట్లాడింది. దెబ్బ తిన్న జాతివారే, దెబ్బ కొట్టిన శాఖ కావాలని అడిగారు. వారు పోలీసులను ప్రేమించి అడగలేదు. రాత్రి పిల్లలు పడుకునే కిటికీలోంచి తూటా రాకూడదని అడిగారు. మన ఇంటర్ అబ్బాయి అడిగింది కూడా ఇదే.

అయితే బాగుచేద్దామన్నవారి దారి పూలదారి అనుకోకండి. అమెరికా కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి, ఆ పోలీసు శాఖ హక్కులు కాలరాసిందని 2023 జూన్‌లో పెద్ద నివేదిక ఇచ్చింది. కోర్టు పర్యవేక్షణలో సంస్కరణకు 2025 జనవరిలో ఒప్పందం కుదిరింది. మే నెలలో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందమే వద్దని వెనక్కు తీసుకుంది. రాష్ట్ర మానవ హక్కుల శాఖ విడిగా చేసుకున్న ఒప్పందమొకటి ఉండబట్టి కొంత నిలిచింది. ఇక యూజీన్‌లో వ్యాను అన్నాను కదా, 2025 ఏప్రిల్‌లో అది ఆ ఊళ్ళో ఆగిపోయింది, డబ్బు లేక. పోలీసుల డబ్బు తగ్గించి ఏ పనికి ఇవ్వమన్నారో ఆ పనికే డబ్బు లేకుండా పోయింది.

మనవాళ్ళు పోలీసులలో చేరితే అన్నీ సరిపోతాయని కొందరు పెద్దలంటారు. చేరాలి, నేనూ అంటాను, మన పిల్లల చేత కానిస్టేబుల్ పరీక్ష రాయించండి. కాని అదే నగరంలో 2017లో, తన ఇంటి వెనుక ఏదో అరుపు వినబడిందని ఫోను చేసిన ఒక మహిళనే, వచ్చిన పోలీసు అధికారి కాల్చి చంపాడు. ఆ అధికారి సోమాలీ ముస్లిం. పేరు మనదైనంత మాత్రాన చేతిలో తుపాకీ మెత్తబడదు.

ఇక మన ఇంటికి వద్దాం.

మన దేశంలో లక్ష జనాభాకు మంజూరైన పోలీసు ఉద్యోగాలు 200కు కొంచెం తక్కువ, నిజంగా పనిచేసేవారు సుమారు 155. తక్కినవి ఖాళీలు. ఉన్నవారిలో కొందరు బందోబస్తుకు, కొందరు మంత్రుల వెనుక, కొందరు సమన్లు పట్టుకుని ఊళ్ళమీద. పండుగకు కూడా సెలవు దొరకని కానిస్టేబుళ్ళను మనమందరం చూస్తాము. ఇక్కడ ఖర్చు కోయడమంటే బక్కవాడి భోజనం కోయడమే. కనుక అమ్మాయి చెప్పిన మందు మన జబ్బుకు సరిపోదు. కాని ఆమె చూపించిన జబ్బు ఉంది. మన జబ్బు డబ్బు ఎక్కువై వచ్చింది కాదు, అడిగేవాడు లేక వచ్చింది.

మన పోలీసు చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటు అయిన నాలుగేళ్ళకు, ఇంకెవరూ తల ఎత్తకూడదని ఆంగ్లేయులు చేసుకున్నది. హైదరాబాదు నగర పోలీసు చట్టానికైతే పేరులోనే 1348 ఫస్లీ అని ఉంటుంది. మన పిల్లలకు ఫస్లీ అంటే ఏమిటో కూడా తెలియదు. స్వతంత్రం వచ్చిన ముప్పై ఏళ్ళకు, 1977లో, జాతీయ పోలీసు కమిషన్ వేశారు. 1981 దాకా ఎనిమిది నివేదికలు ఇచ్చింది, అవి బీరువాలలో నిద్రపోయాయి. పోలీసు శాఖలో అత్యున్నత పదవి చేసిన ప్రకాశ్ సింగ్ గారే 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. పదేళ్ళ తరువాత, 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. రాజకీయ నాయకుని ఫోనుకు ఎస్.ఐ. బదిలీ కాకూడదు, నేర పరిశోధనకు వేరుగా మనుషులుండాలి, పోలీసుల మీద ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలోను, ప్రతి జిల్లాలోను ఒక ప్రాధికార సంస్థ ఉండాలి అని అందులో ఉంది. ఇరవై ఏళ్ళు కావస్తోంది. మీ ఇంటికి వెళ్ళి పక్కవారిని అడగండి, జిల్లా ఫిర్యాదుల సంస్థ ఎక్కడున్నదని. పాస్‌పోర్టు ఆఫీసు ఎక్కడో అందరికీ తెలుసు.

అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 1978 మార్చిలో నల్లకుంట ఠాణాలో ఒక ముస్లిం మహిళపై అఘాయిత్యం జరిగింది. ఆమె భర్తను కొట్టారు, అతను చనిపోయాడు. జనం శవంతో ఠాణా ముందుకు వచ్చారు. కాల్పులు, కర్ఫ్యూ. అన్ని మతాలవారు, విద్యార్థులు, కార్మికులు వీధుల్లోకి వచ్చారు, ఇది మరచిపోకూడదు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని చెప్పింది. కమిషన్ ముందు మాత్రం ఆ పేదరాలి శీలం మీదనే ప్రశ్నలు. తరువాత కేసు కర్ణాటకకు పోయి, అక్కడ నిందితులు విడుదలయ్యారు. అటువంటి ఘటనలపై దేశమంతటా లేచిన గొంతుల వల్లనే 1983లో, ఠాణాలో జరిగే అత్యాచారానికి చట్టంలో ప్రత్యేక శిక్ష వచ్చింది. మనకు న్యాయం అందలేదు, తరువాతివారికి ఒక సెక్షను అందింది.

2007 మే 18 జుమా నాడు మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, తరువాత పోలీసు కాల్పులలో ఐదుగురు పోయారు. ఆపైన ఎంతోమంది యువకులను పట్టుకుపోయారు, కొందరు నెలల తరబడి జైలులో ఉండి నిర్దోషులుగా వచ్చారు. ప్రభుత్వం వారికి పరిహారం ఇచ్చింది, హైకోర్టు 2013లో ఆ ఉత్తర్వు చెల్లదన్నది. పేలుడు కేసులో తరువాత పట్టుబడిన వేరే నిందితులను కూడా 2018లో కోర్టు విడిచిపెట్టింది. అనగా ఆ రోజు నమాజుకు వచ్చి చనిపోయినవారిని ఎవరు చంపారో చట్టం చెప్పలేకపోయింది. పరిశోధన చేసేవారికి నైపుణ్యం కావాలి, స్వేచ్ఛ కావాలి అన్న మాట వట్టి సంస్కరణ పాఠం కాదు. అది ఆ తల్లుల అవసరం.

హజ్రత్ ఉమర్ గారి రివాయత్ ఒకటి మీకందరికీ తెలుసు, అయినా చెబుతాను. ఆయన రాత్రిపూట మదీనా వీధుల్లో గస్తీ తిరిగేవారు. ఒక ఇంట్లోంచి పాట వినబడితే గోడెక్కి లోపలికి దిగారు. లోపల మనిషి మద్యంతో దొరికాడు. గద్దిస్తే ఆ మనిషి, "అమీరుల్ మోమినీన్, నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు. రహస్యం వెదికారు, తలుపు వదిలి గోడ దూకారు, సలాం లేకుండా లోపలికి వచ్చారు" అన్నాడు. ఉమర్ గారు ఒప్పుకుని వెళ్ళిపోయారు. నాకు ఇందులో గస్తీ కన్న ఒప్పుకోవడం గొప్పగా కనిపిస్తుంది. గస్తీ వద్దని ఆ మనిషి అనలేదు, తలుపు తట్టి రమ్మన్నాడు. న్యూయార్కు పోలీసులు సంవత్సరాల తరబడి మసీదులలోను, చాయ్ దుకాణాలలోను మారుమనుషులను కూర్చోబెట్టి మనవారి మాటలు రాసుకున్నారు. 2014లో ఆ విభాగాన్ని మూసివేశారు. మన బస్తీలలో తెల్లవారుజామున నిర్బంధ తనిఖీలు జరిగినప్పుడు కూడా నాకు ఆ గోడే గుర్తొస్తుంది.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇక నాది చెప్పకపోతే ఈ ప్రసంగం అబద్ధం అవుతుంది.

కొన్నేళ్ళ క్రితం నా పాత విద్యార్థిని, పంక్చరు దుకాణంలో పనిచేసే కుర్రాణ్ణి, రాత్రి పోలీసులు తీసుకుపోయారు. ఏదో మోటారు సైకిలు దొంగతనమట. తొమ్మిదిన్నరకు వాడి తల్లి మా ఇంటికి వచ్చింది. "సార్, మీరు ఒక్కసారి వచ్చి అడగండి, మీరు చదువుకున్నవారు" అన్నది. నేను ప్రభుత్వ ఉద్యోగిని. రాత్రిపూట ఠాణాకు పోతే రేపు నా పేరు ఏ కాగితంలో ఎక్కుతుందోనని భయమేసింది. "పొద్దున్నే వస్తానమ్మా" అన్నాను. పొద్దున్నే బడిలో పరీక్షలు. సాయంత్రం వెళితే అక్కడివారు అటువంటి వాడెవడూ ఇక్కడ లేడన్నారు. మూడవ రోజు వదిలేశారు. కేసు లేదు, కాగితం లేదు. అరికాళ్ళు వాచి, గోడ పట్టుకుని నడిచాడు. మనిషిని పట్టుకుంటే 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. నేను దాన్ని పిల్లలకు పౌరశాస్త్రంలో చెబుతాను, ఐదు మార్కుల ప్రశ్న. ఆ కుర్రాడు దానికి ఐదుకు నాలుగు తెచ్చుకున్నవాడు. ఇప్పటికీ బజారులో కనబడితే సైకిలు దిగి సలాం చేస్తాడు. నేను ఆ వీధి తప్పించుకుని తిరిగిన రోజులున్నాయి.

ఇది విని, అందుకే మాస్టర్ సాబ్, ఠాణాకు పోకుండా మన గొడవలు మన పెద్దలమే తీర్చుకుందాం అంటారేమో. అమెరికాలో కూడా కొందరి మాట అదే, బస్తీయే తనను తాను కాపాడుకోవాలని. మనం ఎలా కాపాడుకుంటున్నామో కూడా చెప్పనివ్వండి. భర్త కొడుతున్నాడని ఒక చెల్లెలు పెద్దల దగ్గరకు వచ్చింది. కూర్చున్నవారిలో నేనూ ఉన్నాను. సబర్ చేయమ్మా, ఇల్లు నిలబెట్టుకో, ఠాణాకు పోతే ఖాందాన్ పరువు పోతుందని చెప్పి పంపాము. రెండుసార్లు పంపాము. మూడవసారి ఆమె మా దగ్గరకు రాలేదు, చెయ్యి విరిగి ఆసుపత్రికి వెళ్ళింది. కేసు రాసినది, భర్తను పిలిపించినది ఒక మహిళా హెడ్ కానిస్టేబులు. ఆమె మన మతం కాదు, మన వీధి కాదు. ఆ రోజు ఫోను చేసినవారిది ఒప్పు, చేయవద్దన్న మాది తప్పు. పోలీసులను ఎవరూ అడగరని ఫిర్యాదు చేస్తున్నాము, మన పంచాయతీ పెద్దలను అడిగేవారెవరు?

కనుక నా జవాబు ఇది. పోలీసులు కావాలి. వారి పక్కన, వారిని అడిగేవారు కూడా కావాలి. ఆ అడిగేవారు ఢిల్లీ నుండి వచ్చేదాకా మనం చేతులు ముడుచుకోనవసరం లేదు. శాంతి కమిటీ ఉందికదా అంటారు. వినాయక చవితికి, మిలాద్‌కు ముందు పిలుస్తారు, అవే ఐదు ముఖాలు, అవే శాలువాలు, పేపర్లో ఫోటో. తక్కిన పది నెలలు ఎవరు ఎవరో.

సంఘానికి నేను మనవి చేసేది ఒక చిన్న ఏర్పాటు. రాత్రి పగలు ఎప్పుడు పిలిచినా ఠాణాకు వెళ్ళే ఐదారుగురు మనుషులు కావాలి. ఒక వకీలు సాబ్, ఇద్దరు స్త్రీలు తప్పనిసరి. వెళ్ళి కేకలు వేయకూడదు, మావాడు అమాయకుడని ప్రమాణాలు చేయకూడదు, పైరవీ చేయకూడదు, నాయకునికి ఫోను చేయించకూడదు. మర్యాదగా అడగవలసినవి అడగాలి. ఏ కేసులో తెచ్చారు? అరెస్టు పత్రం రాశారా? ఇంటివారికి తెలియజేశారా? వకీలును కలవనిస్తారా? ఇవి ఎవరి దయా కాదు. 1996 డి.కె. బసు తీర్పులో ఉన్నాయి, 2024 జులై 1 నుండి అమలయిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నాయి. 60 ఏళ్ళు దాటినవారిని, స్త్రీలను సాక్ష్యం కోసం ఠాణాకు రప్పించకూడదని, వారి ఇంటికే వచ్చి అడగాలని కూడా అందులో ఉంది. ఠాణాలలో కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కెమెరా పనిచేస్తున్నదా అని అడగడం కూడా నేరం కాదు. అదే మనుషులు కొట్టు తాళం పగిలినవానితో కూడా వెళ్ళాలి, కొట్టు తాళం పగలగొట్టినవాడు మన వీధివాడైతే దాచకూడదు. దెబ్బలు తిన్న చెల్లెలు వస్తే మాత్రం పంచాయతీ చేయకుండా ఆమె ఎక్కడికి వెళతానంటే అక్కడికి తోడు వెళ్ళాలి. మతి చలించినవాడు వీధిలో తిరిగితే ముందు ఠాణాకు కాక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఇది ఆ అమ్మాయి ఉపన్యాసంలోంచి తీసుకున్నాను. మూడు నెలలకొకసారి ఇన్స్పెక్టరు గారితో కూర్చోవాలి, శాలువా లేకుండా.

ఖర్చు ఎంత అంటారా? ఒక ఫోను, ఆటో కిరాయి. కోశాధికారి గారు ముఖం చిట్లిస్తున్నారు, స్కాలర్‌షిప్పు నిధిలోంచి అడగను, భయపడకండి.

పేరు ఇవ్వదలచినవారికి కార్యదర్శి గారి బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టించాను. నా పేరు, ఫోను నెంబరు అందులో రాశాను. స్త్రీల పేర్లు ఇంకా రాలేదు, తెర అవతలి నుండి ఇద్దరు ఇవ్వాలి. అసర్ నమాజుకు వేళయింది. ప్రశ్నలుంటే నమాజు తరువాత వరండాలో కూర్చుందాం.